అద్దె ఫ్లాట్‌లో కుటుంబ ప్రార్థన: ఇరవై నిమిషాలు దేవుని సన్నిధిలో

బెంగళూరు వచ్చిన తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో ముందుగా తెగిపోయేది కుటుంబ ప్రార్థన. ఊళ్ళో అయితే పొద్దుగూకేసరికి అందరూ ఇంటికి చేరతారు, పాట ఎత్తుకుంటే పక్కింటివాళ్ళు కూడా గొంతు కలుపుతారు. ఇక్కడ ఒకరు మారతహళ్ళి ట్రాఫిక్‌లో ఉంటారు, ఒకరు ట్యూషన్‌లో, ఇంకొకరు అమెరికా షిఫ్టుకు క్యాబ్ కోసం ఎదురుచూస్తూ. కింద ఇంటి ఓనరు, గోడకు అటువైపు పసిపాపను నిద్రపుచ్చుతున్న తల్లి. ఊరి పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెస్తే రెండు వారాలు కూడా నిలవదు. ఈ ఊరికి తగ్గట్టు కుదించుకోవాలి. అయితే ఏది కుదించవచ్చో, ఏది కుదించకూడదో ముందు తెలియాలి.

మొదటి సమూయేలు 4వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు దేవుని సన్నిధికి గుర్తైన నిబంధన పెట్టెను, అంటే మందసాన్ని, యుద్ధానికి మోసుకుపోయారు. అది పాళెంలోకి రాగానే భూమి దద్దరిల్లేలా కేకలు వేశారు. అదే యుద్ధంలో 30,000 మంది కాల్బలం కూలిపోయింది, మందసం ఫిలిష్తీయుల చేతికి చిక్కింది. రెండవ సమూయేలు 6లో అదే మందసం ఓబేదెదోము ఇంట్లో 3 నెలలు ఉంది, యెహోవా ఆ ఇంటివారినందరినీ ఆశీర్వదించాడు. మందసం మారలేదు. ఒకచోట దాన్ని గెలుపు తెచ్చే వస్తువుగా వాడుకోబోయారు, ఇంకొకచోట దానికి ఇంట్లో చోటిచ్చారు. కుటుంబ ప్రార్థనలో ఏం చేయాలన్నా ఈ తేడా దగ్గరే తేలుతుంది. దేవుని సన్నిధి మనం కేకలు వేసి రప్పించే శక్తి కాదు, అక్కడ ఉన్న ప్రభువు. ఇద్దరు ముగ్గురు తన నామమున కూడుకున్నచోట తాను ఉంటానని ఆయనే మత్తయి 18:20లో మాట ఇచ్చాడు. గుమ్మం మీద వాక్యం అంటించడం మంచిదే, అభిషేక తైలం సీసా షెల్ఫులో ఉంటే ఉండనివ్వండి. కానీ అవి ఉన్నాయి కదా అని కూడుకోవడం మానేస్తే ఆ యుద్ధంలో ఇశ్రాయేలీయులు చేసిన పనే మనమూ చేసినట్టు.

కాబట్టి నిమిషాలు తగ్గించుకోవచ్చు, పాటలు తగ్గించుకోవచ్చు, గొంతు తగ్గించుకోవచ్చు. ఎదుట ఒకరున్నారన్న మర్యాదను మాత్రం తగ్గించకూడదు.

వేళ, చోటు

"రాత్రి 9 గంటలకు" అని గడియారాన్ని నమ్ముకోకండి, ఈ ఊరి ట్రాఫిక్ గడియారం మాట విననివ్వదు. రోజూ తప్పక జరిగే ఒక పనికి ప్రార్థనను ముడివేయండి. అన్నిటికంటే బాగా నిలిచేది కుక్కర్ దించాక, కంచాలు పెట్టకముందు. భోజనం అయ్యాక అని పెట్టుకున్న ఇళ్ళలో పిల్లలు రెండో చరణానికే తూగుతారు. పెద్దవాళ్ళు మోకరించిన చోటే నిద్రపోవడం కూడా మామూలే. భోజనానికి ముందైతే ఆకలి ఉంటుంది కనుక ఎవరూ సాగదీయరు.

షిఫ్టు ఇళ్ళకు వేరే లెక్క కావాలి. నాన్న తెల్లవారుజామున 4కు వచ్చి పడుకుంటే, పిల్లలు 7:30కు స్కూల్ బస్సు ఎక్కితే, అందరూ మెలకువగా కలిసి ఉండేది సాయంత్రం బస్సు వచ్చినప్పటినుంచి క్యాబ్ వచ్చేదాకా. ఆ గంటలోంచే ఇరవై నిమిషాలు తీయండి, సాయంత్రం 5:30 అయినా సరే. కుటుంబ ప్రార్థన రాత్రే ఉండాలని వాక్యంలో ఎక్కడా లేదు. ద్వితీయోపదేశకాండము 6:7 ఇంట కూర్చున్నప్పుడు, త్రోవన నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు అని నాలుగు వేళలు చెబుతుంది.

చోటు మాత్రం మార్చకండి. హాల్లో ఒక మూల చాలు, టీవీకి వీపు పెట్టి కూర్చునేలా ఉంటే ఇంకా మంచిది. ఆపేసినా సరే, నల్లటి తెర ఎదురుగా ఉంటే పిల్లల చూపు దానిమీదికే పోతుంది. టైల్స్ నేలమీద మోకరిస్తే మూడు నిమిషాలకే నొప్పి మొదలై మనసు మోకాళ్ళ మీదికి పోతుంది, నాలుగు మడతలు వేసిన జంఖానా వేయండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకు కుర్చీ వేసి, "మీరు కూర్చునే ప్రార్థించండి అమ్మమ్మా" అని ముందే చెప్పండి. చెప్పకపోతే వాళ్ళు పట్టుబట్టి మోకరిస్తారు, లేవడానికి ఇబ్బంది పడతారు.

ఫోన్లన్నీ వంటింట్లో ఒక బుట్టలో పెట్టండి. బైబిల్ యాప్ బాగానే ఉంటుంది, కానీ చదువుతుండగా పైనుంచి ఒక మెసేజ్ దిగితే చదివే గొంతు అక్కడే ఆగుతుంది. ఇంట్లో చదవడం వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక అచ్చు బైబిల్ ఉండాలి, అందరిదీ ఒకే అనువాదం అయి ఉండాలి. ఒకరి దగ్గర పాత అనువాదం, ఇంకొకరి దగ్గర వాడుక భాష అనువాదం ఉంటే వంతులవారీగా చదివేటప్పుడు వాక్యం మధ్యలో తడబాటు వస్తుంది. బైబిల్ సొసైటీ ఆఫ్ ఇండియా కేంద్ర కార్యాలయం ఎమ్.జి. రోడ్డులోనే ఉంది. పెద్దవాళ్ళకు కొనేటప్పుడు ధర కంటే అక్షరాల సైజు చూడండి.

ఇరవై నిమిషాలు ఎలా గడవాలి

నిశ్శబ్దం 1 నిమిషం, పాట 4, ఒక కీర్తన 2, వాక్యం 4, వాక్యం గురించి మాట 3, ప్రార్థనలు 5, దీవెన 1. మొదటి నెల ఈ లెక్క తప్పకండి. తర్వాత ఒకటి పెరిగి ఇంకొకటి తగ్గితే పరవాలేదు. మొత్తం ఇరవై దాటకుండా చూడండి. పిల్లలకు ఎప్పుడు అయిపోతుందో తెలిస్తే అయిపోయేదాకా మనసు పెడతారు.

మొదటి నిమిషాన్ని చాలామంది వదిలేస్తారు. అందరూ కూర్చోగానే ఎవరో ఒకరు "ప్రేమగల తండ్రీ" అని మొదలుపెట్టేస్తారు. అలా చేయకండి. ఎవరూ మాట్లాడకుండా, కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ఊరకుండండి. మొదటి వారం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, చిన్నపిల్లలు నవ్వుతారు. మందలించవద్దు, రెండో వారానికి సర్దుకుంటారు. పెద్ద ఆఫీసరు గదిలోకి వెళ్ళినప్పుడు ఆయన తలెత్తి చూసేదాకా ఆగుతాం కదా. ప్రభువు ఎదుట అంతమాత్రం ఆగితే తర్వాతి పంతొమ్మిది నిమిషాల రంగు మారిపోతుంది. ఇశ్రాయేలీయులు దేవుణ్ణి కలుసుకున్న ప్రత్యక్షపు గుడారానికి దూరంగా ఉన్నవాళ్ళం కాదు, లోపల ఉన్నామని పిల్లలకు తెలిసేది ఈ ఒక్క నిమిషంలోనే.

పాట

ఇంట్లో పాట చెడేది ఎక్కువగా శృతి దగ్గర. పల్లవి హాయిగా ఉందని ఎత్తుకుంటారు, చరణం పైకి వెళ్ళేసరికి నాన్న గొంతు చీలుతుంది, అమ్మ ఒక్కతే మిగులుతుంది. మొదలుపెట్టే ముందు ఆ పాటలో అన్నిటికంటే పైకెళ్ళే ముక్కను లోగొంతుతో ఒకసారి అనుకోండి. అది సులువుగా పలికితేనే ఆ శృతిలో పల్లవి ఎత్తుకోండి. పిల్లలున్న ఇంట్లో మరీ కిందికి దించినా పాట నీరసపడుతుంది. ఇంట్లో ఎవరి గొంతు మధ్యస్థంగా ఉంటుందో వాళ్ళే పాట ఎత్తుకోవాలి. బాగా పాడేవాళ్ళే ఎత్తుకోవాలన్న నియమం లేదు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటపైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. తాళం వరుసను చూడటం అలవాటు చేసుకోండి. ఆది తాళం అంటే ఒక చుట్టుకు 8 అక్షరాలు, అంటే 8 లెక్కలు, రూపకం 6, మిశ్రచాపు 7. చాపు పాటకు చప్పట్లు సమంగా కొడితే రెండో వరుసకే పాట విరిగిపోతుంది. ఆ పాటలు పరుగెత్తుతున్నాయని అనిపించేది అందుకే. పిల్లలతో తాళం ప్రతి చుట్టు మొదటి దెబ్బకు మాత్రమే చప్పట్లు కొట్టించండి, మిగతా లెక్క వేళ్ళమీద. ఫ్లాట్‌లో ఇది ఇంకో రకంగా కూడా మేలు: శబ్దం తగ్గుతుంది, తాళం నిలుస్తుంది.

శబ్దం సంగతి కాస్త ఆలోచించాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్లు, రాత్రి 45 డెసిబెల్లు హద్దు. రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 దాకా. మామూలు మాటల చప్పుడే ఇంచుమించు 60 దగ్గర ఉంటుంది. అయినా తలుపులు, కిటికీలు మూసి మామూలు గొంతుతో పాడే పాట పక్కింటికి భారం కాదు. మైకు, స్పీకరు, డోలక్ అయితే భారమే. కంజీర కావాలంటే చర్మం మీద చేతిరుమాలు పరిచి వేళ్ళతో తట్టండి. పొరుగువాళ్ళను ప్రేమించమన్న ఆజ్ఞ పాట పాడే వేళ రద్దు కాదు.

ఫోన్‌లో ట్రాకు పెట్టి పాడే అలవాటు వద్దని గట్టిగా చెబుతాం. ట్రాకు ఎవరికోసం ఆగదు, ఊపిరి అందని తాతయ్యను వదిలేసి పోతుంది. వీడియో అయితే మధ్యలో ప్రకటన వచ్చి పడుతుంది. తోడు లేకుండా పాడితే మొదట పలచగా వినిపిస్తుంది, నెల తిరిగేసరికి ఆ ఇంటి గొంతు ఒకటి తయారవుతుంది.

కొత్త పాటలు వారానికి ఒకటికి మించి వద్దు. అదే పాటను ఏడు రోజులూ పాడండి. నాలుగో రోజుకు పుస్తకం అక్కర్లేదు, ఏడో రోజుకు పిల్లలు స్నానం చేస్తూ పాడుకుంటారు.

వాక్యం చదవడం

ప్రతి జనవరిలో ఆదికాండము మొదలుపెట్టి మధ్యలో ఆపేసే ఇళ్ళు లెక్కలేనన్ని. కారణం లెక్కలోనే ఉంది. ఆదికాండము 50 అధ్యాయాలు, నిర్గమకాండము 40. రోజుకో అధ్యాయం చొప్పున జనవరి 1న మొదలుపెడితే ఏప్రిల్ 1న లేవీయకాండములో అడుగుపెడతారు. సరిగ్గా పిల్లల పరీక్షలు ముగిసి, ఊరికి ప్రయాణాలు మొదలయ్యే వేళకు బలుల నియమాలు ఎదురవుతాయి. ఇంటిల్లిపాదీ కలిసి చదవడం కొత్త అయితే మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే, ఒక్కోదాన్ని రెండుగా విడదీస్తే 32 రోజులు. సంగతులు చకచకా నడుస్తాయి కనుక పిల్లలు "తర్వాత?" అని అడుగుతారు. ఆ తర్వాత రూతు 4 అధ్యాయాలు, యోనా 4, ఫిలిప్పీయులకు 4. లేవీయకాండము చదవకూడదని కాదు, హెబ్రీయులకు వ్రాసిన పత్రిక పక్కన పెట్టుకుని పెద్దవాళ్ళు చదివితే దాని రుచి తెలుస్తుంది.

కీర్తనలకు వేరే వరుస పెట్టుకోండి. రోజుకొకటి చొప్పున 150 కీర్తనలు అయిదు నెలలకు పూర్తవుతాయి. 119వ కీర్తనలో 176 వచనాలు ఉన్నాయి, దాన్ని ఒక్కరోజులో చదవబోకండి. అది ఎనిమిదేసి వచనాల 22 భాగాలుగా ఉంది, ఒక్కో భాగం ఒక్కో హెబ్రీ అక్షరానిది. రోజుకో భాగం చదవండి. కీర్తనను ఒక వచనం ఒకరు, తర్వాతి వచనం మిగతా అందరూ చదివితే, చదవడం రాని పసివాళ్ళు కూడా వింటూ చివరి మాట అందుకుంటారు. 136వ కీర్తన దీనికోసమే అన్నట్టు ఉంటుంది: ప్రతి వచనం చివరా ఒకే మాట.

పాత అనువాదపు భాష పిల్లలకు కొరుకుడు పడదు. "ఏలయనగా" అంటే ఎందుకంటే అని, "వచ్చెదను" అంటే వస్తాను అని చదివే ముందే రెండు మూడు మాటలు విప్పి చెప్పండి, చదివేటప్పుడు ఆపి చెప్పకండి. ఆపితే వాక్యం పాఠమైపోతుంది.

బెంగళూరులో పెరిగే పిల్లలకు తెలుగు మాట్లాడటం వస్తుంది, చదవడం రాదు. చాలా ఇళ్ళలో పాటలూ వాక్యాలూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసి ఇస్తారు. దానికంటే దగ్గరి దారి ఒకటుంది. స్కూల్లో కన్నడ నేర్చుకుంటున్న పిల్లలకు తెలుగు లిపి సగం వచ్చినట్టే, రెండూ ఒకే తల్లి బిడ్డలు. తలకట్టు తీరు వేరు, కొన్ని అక్షరాలు వేరు, గుణింతాల పద్ధతి ఇంచుమించు ఒకటే. కన్నడ వర్ణమాల పక్కన తెలుగు వర్ణమాల ఒక కాగితం మీద రాసి గోడకు అంటించండి. రోజూ కీర్తనలో ఒక్క వచనం వాళ్ళ చేత చదివించండి. తప్పు చదివితే సరైన మాట మెల్లగా అందించి ముందుకు సాగనివ్వండి. దేవుని వాక్యం చదువుతూ తిట్లు తిన్న జ్ఞాపకం పిల్లలకు మిగలకూడదు.

చదివాక ప్రసంగం వద్దు. ఒకే ఒక ప్రశ్న: "ఇందులో దేవుడు ఏం చేశాడు?" రెండో రోజు "ఎవరిలాగా నువ్వు ఉంటావు?" అని మార్చవచ్చు. జవాబు తప్పనిపించినా మూడు నిమిషాల్లో సరిదిద్దే పని పెట్టుకోకండి. ఎవరూ మాట్లాడకపోతే ఆ మౌనాన్ని కూడా ఉండనివ్వండి.

ప్రార్థన

వరుస ఇలా ఉంటే మంచిది: స్తుతి, ఒప్పుకోలు, కృతజ్ఞత, విజ్ఞాపన. అడగడాన్ని చివరికి పెట్టడం ఎందుకంటే, ముందు పెడితే మిగతా మూడూ ఇక రావు. ప్రతి ఒక్కరూ ఒక వాక్యం. పసివాళ్ళు "యేసయ్యా, స్తోత్రం" అన్నా చాలు. పెద్దాయన రెండు నిమిషాలు దాటకూడదు. కుటుంబ ప్రార్థనకు పిల్లలు మొహం చాటేయడానికి మొదటి కారణం పదిహేను నిమిషాల పెద్దవాళ్ళ ప్రార్థన. ఊపిరి పీల్చుకునే చోటల్లా "ప్రభువా ప్రభువా" అని వస్తోందంటే మాటలు అయిపోయాయని గుర్తు. అక్కడ ఆగిపోవడమే, వ్యర్థమైన మాటలు వల్లించవద్దన్న మత్తయి 6:7కు లోబడటం. "నీవు" అనాలా "మీరు" అనాలా అన్న సందేహం కొందరికి ఉంటుంది. బైబిల్లో, పాటల్లో "నీవు" ఉంది, కొన్ని ఇళ్ళలో "మీరు" అలవాటు. రెండూ మర్యాదే, పిల్లల మాటను దిద్దకండి.

అన్నిటికంటే చెడ్డ అలవాటు, పక్కన ఉన్నవాళ్ళకు తగిలేలా దేవునితో మాట్లాడటం. "ప్రభువా, ఈ అబ్బాయికి చదువుమీద బుద్ధి దయచేయండి" అని ఆ అబ్బాయి ఎదుటే. "ప్రభువా, ఇంటి పెద్దకు కోపం తగ్గించండి" అని భర్త ఎదుటే. అది దేవునికి చెప్పిన మాట కాదు, దేవుణ్ణి అడ్డం పెట్టుకుని మనిషికి చెప్పిన మాట. సన్నిధికి ఇంతకు మించిన అగౌరవం లేదు. ఆ సంగతి ఉంటే ప్రార్థనకు ముందో తర్వాతో నేరుగా మాట్లాడుకోండి. పిల్లవాడి కోసం ఎదుటే ప్రార్థించాలంటే "రేపు లెక్కల పరీక్షలో వీడికి భయం లేకుండా చేయండి" అనండి. అలా అంటే వాడు మీ వైపు ఉంటాడు.

ఒక నోటుపుస్తకం పెట్టండి: తేదీ, విషయం, జవాబు వచ్చిన తేదీ. విజ్ఞాపనలు రోజుకు మూడింటికి మించకుండా వారం మొత్తానికి పంచుకోండి. సోమవారం ఊళ్ళో పెద్దలు, మంగళవారం సంఘం, బుధవారం ఈ వీధిలో ఉన్నవాళ్ళు, అలా. పేరు పెట్టి ప్రార్థించమని ఎవరైనా తమ కష్టం చెప్పుకుంటే ఆ మాట నోటుపుస్తకం దాటకూడదు. ప్రార్థన మనవి పేరుతో వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కిన కాపురాల కథలు చాలామందిని సంఘానికే దూరం చేశాయి.

చివర్లో యేసు నేర్పిన పరలోక ప్రార్థన ("పరలోకమందున్న మా తండ్రీ") అందరూ కలిసి, తొందరపడకుండా. తర్వాత తల్లిగానీ తండ్రిగానీ పిల్లల తలమీద చెయ్యి ఉంచి సంఖ్యాకాండము 6:24-26లోని దీవెన చెప్పాలి. అహరోను కుమారులకు అప్పగించిన మాటలు అవి. పదిహేనేళ్ళ కుర్రాడు తల తప్పించుకుంటే భుజం మీద చెయ్యి వేయండి. ఈ ఒక్క నిమిషం మాత్రం ఎప్పుడూ వదలకండి.

ఊళ్ళో ఉన్న అమ్మమ్మ వీడియో కాల్‌లో

నెల్లూరులోనో కర్నూలులోనో ఉన్న పెద్దవాళ్ళను కాల్‌లో కలుపుకోవచ్చు. అయితే రెండు వైపులా కలిసి పాడటం కుదరదు, శబ్దం చేరడానికి పట్టే ఆలస్యం వల్ల అటువైపు పాట అర దెబ్బ వెనక వినిపిస్తుంది, అందరూ ఒకరికోసం ఒకరు ఆగుతూ పాట సాగలాగుతారు. పాట ఒక వైపే పాడాలి, రెండో వైపు మైకు ఆపి పాడుకోవాలి. దీవెన మాత్రం అమ్మమ్మకే ఇవ్వండి. వారానికి ఒకరోజు, ఆదివారం సాయంత్రం, సరిపోతుంది.

తెగినప్పుడు

తెగుతుంది. జ్వరాలు వస్తాయి, చుట్టాలు వస్తారు, అపార్ట్‌మెంట్ మీటింగు వస్తుంది. రెండు రోజులు పోతే ఏం కాదు. పోయిన అధ్యాయాలన్నీ ఒకేరోజు చదివి లెక్క సరిచేయబోతే మూడో రోజూ పోతుంది. ఆ భారం ఎత్తుకోకండి.

భార్యాభర్తలు గొడవపడిన రోజు సంగతి వేరు. ఆరోజు ఏమీ జరగనట్టు కూర్చుని పాట ఎత్తుకుంటే పిల్లలకు అన్నీ తెలుస్తాయి. బలిపీఠం దగ్గర అర్పణ విడిచి, ముందు సహోదరునితో సమాధానపడమని మత్తయి 5:23-24 చెబుతుంది. భార్యను సన్మానించని భర్త ప్రార్థనలకు అభ్యంతరం కలుగుతుందని 1 పేతురు 3:7 ఇంకా సూటిగా చెబుతుంది. వంటింట్లోకి వెళ్ళి ఇద్దరూ మాట్లాడుకోండి, అరగంట పట్టినా సరే. పిల్లలను హాల్లో ఆగమనండి. కుదిరితే తిరిగొచ్చి కూర్చోండి. ఇంకా కుదరలేదంటే దాన్ని దాచకుండా, "ఈరోజు అమ్మా నాన్నా ఇంకా మాట్లాడుకోవాలి, మీరు పరలోక ప్రార్థన చెప్పుకుని తినండి" అని పిల్లలతో అనండి.

వారం, నెల తెగిపోయినప్పుడు మళ్ళీ మొదలుపెట్టే రాత్రి ఇరవై నిమిషాలకు పోకండి. 117వ కీర్తన తీయండి, కీర్తనలన్నిటిలో చిన్నది, రెండే వచనాలు. ఒకటి మీరు చదవండి, ఒకటి పిల్లలు. పరలోక ప్రార్థన, తలమీద చెయ్యి, దీవెన. అయిదు నిమిషాలు కూడా పట్టదు. మర్నాడు మార్కులో గుర్తు కాగితం ఏ పేజీలో ఉందో అక్కడినుంచే చదవండి.